డబ్బా మీద 1200 వాట్లు, కారులో ఎన్ని? సబ్‌వూఫర్ ఎంపిక వెనక అసలు లెక్క

క్లుప్తంగా: కారులో బేస్ ఎంత లోతుగా, ఎంత శుభ్రంగా వినిపిస్తుందన్నది వూఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్) సైజు కన్నా అది కూర్చున్న బాక్స్ మీద, కారు క్యాబిన్ మీద, యాంప్లిఫయర్ సెట్టింగుల మీద ఎక్కువ ఆధారపడుతుంది. ప్యాకింగ్ మీద వాట్లలో ఎక్కువ భాగం ప్రకటన కోసమే. సిటీ ట్రాఫిక్‌లో ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) ఇవ్వగలిగే కరెంటు, ఫ్యాక్టరీ స్క్రీన్ నుంచి వచ్చే సిగ్నల్, అపార్ట్‌మెంట్ పార్కింగ్... బెంగళూరులాంటి ఊళ్లో ఈ మూడూ కలిసి ఎంపికని మార్చేస్తాయి.

బెంగళూరు జేసీ రోడ్డులోని కారు యాక్సెసరీల షాపులో సబ్‌వూఫర్ అడిగితే, మొదట వచ్చే ఎదురు ప్రశ్న "ఎన్ని ఇంచులు సార్?". రెండోది "ఎన్ని వాట్లు?". కన్నడం రాకపోయినా పర్వాలేదు, తెలుగులో బేరం నడిచిపోతుంది. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. మారతహళ్లి అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో గుండెలదిరేలా మోగిన బేస్, సాదహళ్లి టోల్‌గేట్ దాటి అనంతపురం వైపు స్పీడు అందుకోగానే ఎటు పోయిందో తెలీదు. అదే వూఫర్ స్విఫ్ట్‌లో అదరగొడుతుంది, డిజైర్‌లో నీరసంగా వినిపిస్తుంది. సరుకులోనే లోపం ఉందనుకుని చాలామంది ఇంకా పెద్ద వూఫర్ వైపు వెళ్తారు. చాలాసార్లు లోపం అక్కడ ఉండదు.

## క్యాబిన్ చేసే పని

శబ్దం గాలిలో సెకనుకి సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. ఆ లెక్కన 40 హెర్ట్జ్ బేస్ అల పొడవు దాదాపు 8.6 మీటర్లు. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా కింది స్వరం ఈ దగ్గర్లోనే, 41 హెర్ట్జ్‌లో ఉంటుంది. కారు క్యాబిన్ పొడవేమో రెండున్నర, మూడు మీటర్లు. అంత పెద్ద అల కారులో పట్టదు కాబట్టి లోతైన బేస్ రాదని కొందరు వాదిస్తుంటారు. జరిగేది దాదాపు దానికి వ్యతిరేకం. అల పరుచుకునే చోటు లేనప్పుడు, వూఫర్ కోన్ (కదిలే పొర) ముందుకీ వెనక్కీ కదిలిన ప్రతిసారీ క్యాబిన్‌లో గాలి మొత్తం ఒకేసారి నొక్కుకుని వదులవుతుంది, సైకిల్ పంపులో గాలిలాగా. చెవికి బేస్‌గా తెలిసేది ఆ ఒత్తిడే.

దీన్నే క్యాబిన్ గెయిన్ అంటారు. మామూలు కారులో ఇది సుమారు 60 హెర్ట్జ్ దగ్గర మొదలై, కిందికి పోయేకొద్దీ పెరుగుతుంది. సిద్ధాంతం ప్రకారం ఫ్రీక్వెన్సీ సగం అయిన ప్రతిసారీ 12 డెసిబెల్స్ దాకా పెరగాలి. రూఫ్ రేకు, అద్దాలు, డోర్ల రబ్బర్లు కొంత ఒత్తిడిని బయటికి వదిలేస్తాయి కాబట్టి నిజంగా దక్కేది అంతకన్నా తక్కువ. అయినా చిన్న లాభమేమీ కాదు. 10 డెసిబెల్స్ పెంచాలంటే యాంప్ పవర్ పదింతలు కావాలి. కారు ఆ పనిలో కొంత ఉచితంగా చేసి పెడుతుంది. ఇంట్లో హాల్లో ఇదే వూఫర్ పెట్టి 30 హెర్ట్జ్ రాబట్టాలంటే ఖర్చు వేరే స్థాయిలో ఉంటుంది.

స్విఫ్ట్, డిజైర్ మధ్య తేడాకి కారణం కూడా ఇందులోనే దొరుకుతుంది. హ్యాచ్‌బ్యాక్‌లోనూ ఎస్‌యూవీలోనూ డిక్కీ, క్యాబిన్ ఒకే గది. సెడాన్‌లో వెనక సీటు, పార్సిల్ ట్రే కలిసి మధ్యలో గోడ కడతాయి. డిక్కీలో పుట్టిన ఒత్తిడిలో కొంత అక్కడే రేకుల్ని ఊపుతూ ఖర్చయిపోతుంది. అందుకే సెడాన్‌లో నంబరు ప్లేటు, డిక్కీ మూత గడగడలాడుతుంటే లోపల కూర్చున్నవాళ్లకి బేస్ సరిగా అందదు. వూఫర్‌ని వెనక సీటు వైపో, స్కీ హోల్ (వెనక సీటు మధ్యలో డిక్కీలోకి ఉండే కంత) వైపో తిప్పి చుట్టూ సీల్ చేస్తే తేడా తెలుస్తుంది. సీటు మడవగలిగే కారైతే ఒకసారి మడిచి వింటే చాలు, ఆ గోడ ఎంత మింగుతోందో అర్థమవుతుంది.

ఇక హైవేలో బేస్ మాయం కావడం. టైరు రొద, గాలి రొద, ఇంజిన్ గుర్రు... వీటి బలమంతా ఎక్కువగా కింది ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది. అవి సరిగ్గా సబ్‌వూఫర్ పాడే చోటునే కప్పేస్తాయి. గొంతు, వయొలిన్ లాంటివి పై ఫ్రీక్వెన్సీలు కాబట్టి వాటికి అంత దెబ్బ తగలదు. దీనికి తోడు మన చెవి కింది స్వరాలకి సహజంగానే మొద్దు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 226 ప్రకారం, 1000 హెర్ట్జ్‌లో 40 డెసిబెల్స్ శబ్దం ఎంత గట్టిగా అనిపిస్తుందో, 50 హెర్ట్జ్‌లో అంతే అనిపించాలంటే దాదాపు 78 డెసిబెల్స్ కావాలి. సౌండ్ పెంచేకొద్దీ ఈ అంతరం తగ్గుతుంది. కాబట్టి ఆగి ఉన్న కారులో, పెద్ద సౌండ్‌తో చేసిన సెట్టింగు పరుగెత్తే కారులో పలచబడుతుంది. హైవేకి సరిపడా పెంచిన సెట్టింగు సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర తలనొప్పి తెస్తుంది. అన్ని సందర్భాలకీ పనికొచ్చే ఒకే సెట్టింగు లేదు. డ్రైవర్ చేతికి అందేలా బేస్ రిమోట్ నాబ్ బిగించుకోవడం ఈ చిక్కుకి చవకైన పరిష్కారం.

## డబ్బా మీద వాట్లు

ప్యాకింగ్ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది సాధారణంగా పీక్ లేదా మ్యాక్స్ పవర్. క్షణకాలం, ఏ పరిస్థితుల్లో కొలిచారో చెప్పని అంకె అది. లెక్కలోకి తీసుకోవలసింది ఆర్‌ఎంఎస్, అంటే నిలకడగా ఇవ్వగలిగే పవర్. ఆర్‌ఎంఎస్ అని రాసినా కొన్నిసార్లు నమ్మకం కుదరదు. అమెరికాలో రూపొందిన సీఈఏ-2006 ప్రమాణం ప్రకారం కొలిచామని రాసి ఉంటే కొంత భరోసా. 14.4 వోల్టుల దగ్గర, డిస్టార్షన్ 1 శాతం మించకుండా కొలవాలన్నది అందులో షరతు.

అదేదీ కనిపించకపోతే యాంప్ ఫ్యూజు చూడటం మంచి పరీక్ష. ఫ్యూజు 25 ఆంపియర్లు అనుకుందాం. ఇంజిన్ నడుస్తున్నప్పుడు వోల్టేజీ సుమారు 13.8. రెంటినీ గుణిస్తే 345 వాట్లు. యాంప్ లోపలికి నిలకడగా తీసుకోగలిగేదే అంత. క్లాస్ డి యాంప్ అందులో సుమారు 80 శాతాన్ని స్పీకర్‌కి పంపగలదు, అంటే 275 చిల్లర. పాత తరహా క్లాస్ ఏబీ అయితే 60 శాతం లోపే అనుకోవచ్చు, మిగతాదంతా వేడి. అలాంటి యాంప్ మీద 2000 వాట్లు అని మెరిసే అక్షరాల్లో ఉంటే, అది స్టిక్కర్ డిజైనర్ ప్రతిభ.

పైగా వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి అది "కాస్త పెరిగింది" అన్నంత మాత్రమే. రెట్టింపు అయినట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి. 300 వాట్ల నుంచి 600కి వెళ్లడానికి పెట్టే డబ్బుని సరైన బాక్స్ మీద పెడితే దక్కేది ఎక్కువ.

ఇంపిడెన్స్ (యాంప్‌కి వూఫర్ చూపే నిరోధం, ఓమ్‌లలో) విషయంలో కూడా పొరపాట్లు తరచుగా జరుగుతాయి. డ్యూయల్ వాయిస్ కాయిల్ వూఫర్‌లో రెండు కాయిల్స్ ఉంటాయి. రెండూ 4 ఓమ్‌లవైతే, సమాంతరంగా కలిపితే 2 ఓమ్‌లు, వరసగా కలిపితే 8. యాంప్ ఎన్ని ఓమ్‌ల దాకా తట్టుకుంటుందో ముందే చూసి వూఫర్ కొనాలి. షాపుల్లో వూఫర్ ఒక రోజు, యాంప్ ఇంకో రోజు కొన్నప్పుడు ఈ జత కుదరదు. 8 ఓమ్‌ల దగ్గర యాంప్ పవర్ బాగా తగ్గిపోతుంది. 1 ఓమ్ తట్టుకోలేని యాంప్‌కి 1 ఓమ్ తగిలిస్తే ప్రొటెక్షన్ లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది.

## బాక్సే అసలు స్పీకర్

వూఫర్ కోన్ ముందు వైపు గాలిని నెట్టినప్పుడు వెనక వైపు గాలిని లాగుతుంది. బాక్స్ లేకపోతే ఆ రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వెనక అలని ఏం చేస్తామన్నదాన్ని బట్టే బాక్స్ రకాలు ఏర్పడ్డాయి.

సీల్డ్ బాక్స్ వెనక అలని మూసేస్తుంది. లోపలి గాలి స్ప్రింగులా పనిచేసి కోన్‌ని అదుపులో ఉంచుతుంది. దీని బేస్ ఒక స్థాయి కింద ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ సగం అయిన ప్రతిసారీ) 12 డెసిబెల్స్ చొప్పున తగ్గిపోతుంది. క్యాబిన్ గెయిన్ ఇంచుమించు అదే వాలుతో పైకి పెరుగుతుందని పైన చూశాం. రెండూ కలిస్తే కారులో దాదాపు సమతలమైన బేస్ వస్తుంది. చిన్న సీల్డ్ బాక్స్ ఇంట్లో పేలవంగా, కారులో నిండుగా వినిపించడానికి కారణం ఇదే. పది ఇంచుల వూఫర్‌కి చాలా మోడళ్లలో 15 నుంచి 20 లీటర్ల సీల్డ్ బాక్స్ సరిపోతుంది.

పోర్టెడ్ బాక్స్ ఒక గొట్టం ద్వారా వెనక అలని కూడా వాడుకుంటుంది. ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీ చుట్టూ అదే పవర్‌కి ఎక్కువ సౌండ్ ఇస్తుంది. దానికి చెల్లించే మూల్యం రెండు విధాలు. పెట్టె పెద్దది కావాలి. ట్యూనింగ్ కింద బేస్ 24 డెసిబెల్స్ వాలుతో పడిపోవడమే కాకుండా, అక్కడ కోన్‌ని పట్టి ఉంచే గాలి ఉండదు. అందుకే పోర్టెడ్ బాక్స్‌కి సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ కింది ఫ్రీక్వెన్సీలని ఆపేది) తప్పనిసరి. అది లేకుండా 25 హెర్ట్జ్ సింథ్ బేస్ ఉన్న పాట గట్టిగా పెడితే కోన్ అదుపు తప్పి ఊగి, కాయిల్ తగలడం మొదలవుతుంది.

పన్నెండు ఇంచుల వూఫర్‌కి రెండు ఘనపుటడుగుల పోర్టెడ్ బాక్స్ అంటే లోపలి కొలత సుమారు 57 లీటర్లు. చెక్క మందం, పోర్టు, వూఫర్ వెనక భాగం కూడా కలిపితే బయట 75 లీటర్లు దాటుతుంది. స్విఫ్ట్ డిక్కీ మొత్తం దాదాపు 265 లీటర్లు. సంక్రాంతికి ఊరెళ్లి బియ్యం బస్తాతో తిరిగొచ్చే కుటుంబానికి ఇది చిన్న లెక్క కాదు. ఎర్టిగాలాంటి ఏడు సీట్ల కారులో మూడో వరస వాడుకలో ఉంటే మిగిలేది 209 లీటర్లే.

ఈ లావాదేవీని స్పీకర్ల తయారీలో హాఫ్‌మన్ ఐరన్ లా అంటారు. లోతైన బేస్, చిన్న పెట్టె, తక్కువ పవర్‌కి ఎక్కువ సౌండ్. ఈ మూడింట్లో రెండే దొరుకుతాయి. మూడూ ఇస్తామనే ఉత్పత్తి ఏదో ఒకటి దాచిపెడుతోందని అర్థం. నేటి చిన్న సబ్‌వూఫర్లు మూడోదాన్ని వదులుకుని, ఆ లోటుని పవర్‌తో పూడుస్తున్నాయి.

ఏ వూఫర్‌కి ఏ పెట్టె అన్నది ఊహ మీద వదిలేసే పని కాదు. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, ఆ తర్వాత 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ చేసిన పని వల్ల వూఫర్ కొలతల నుంచి పెట్టె ప్రవర్తనని ముందే లెక్కకట్టడం సాధ్యమైంది. ఎఫ్‌ఎస్ (వూఫర్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ), క్యూఈఎస్, క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత అదుపులో ఉంటుందో చెప్పేవి), వీఏఎస్ (వూఫర్ బిగువుకి సమానమైన గాలి పరిమాణం) అనే అంకెలు మాన్యువల్‌లో ఉండేది అందుకే. ఎఫ్‌ఎస్‌ని క్యూఈఎస్‌తో భాగిస్తే 50 దగ్గరో, అంతకన్నా తక్కువో వస్తే సీల్డ్‌కి, 100 దగ్గర వస్తే పోర్టెడ్‌కి అనువని ఒక మోటు లెక్క ఉంది. ఆ అంకెల పేజీ లేని వూఫర్‌కి రెడీమేడ్ బాక్స్ తగిలించడం గుడ్డి బేరం. షాపులో వరసగా పేర్చిన బాక్సులు చాలావరకు ఏ ఒక్క వూఫర్‌కీ కొలిచి చేసినవి కావు.

బేస్ ట్యూబ్‌ల (గొట్టం ఆకారంలో రెడీమేడ్‌గా వచ్చే సబ్‌వూఫర్ల) సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చవకగా ఉంటాయి, బిగించడం తేలిక, అందుకే బాగా అమ్ముడుపోతాయి. కానీ చిన్న గొట్టాన్ని కొంచెం పై ఫ్రీక్వెన్సీకి పోర్ట్ చేయడం వల్ల ఒక ఇరుకు పరిధిలోనే గట్టిగా మోగుతాయి. తీన్మార్ డప్పు అయినా, బేస్ గిటార్ అయినా ఒకే "బుంయ్" అన్నట్టు వినిపిస్తుంది.

సీటు కింద పట్టే యాక్టివ్ సబ్‌వూఫర్లు ఇంకో తెగ. యాంప్ లోపలే ఉంటుంది, ఎక్కువగా ఎనిమిది ఇంచుల పలచటి వూఫర్. కోన్ వైశాల్యం పన్నెండు ఇంచుల దానిలో సగం కూడా ఉండదు. ఒక ఆక్టేవ్ కిందికి అదే సౌండ్‌తో వెళ్లాలంటే నాలుగింతల గాలిని కదపాలి కాబట్టి, 40 హెర్ట్జ్ కింద వీటి నుంచి పెద్దగా ఆశించకూడదు. డోర్ స్పీకర్లు వదిలేసిన 50 నుంచి 80 హెర్ట్జ్ ఖాళీని మాత్రం చక్కగా నింపుతాయి. కొనేముందు సీటు కింద ఏసీ డక్టు, సీటు జరిగే దూరం కొలుచుకోవాలి. స్టెప్నీ చక్రం లోపల కూర్చునే రకం కూడా ఉంది. స్టెప్నీనే తీసేసి ఆ గుంతలో వూఫర్ పెట్టే పద్ధతి కర్నూలు దాకా రాత్రి ప్రయాణాలు చేసేవాళ్లకి పనికిరాదు.

చెక్క విషయంలో ఊరుని బట్టి ఆలోచించాలి. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ బరువుగా, గట్టిగా ఉంటుంది, బెంగళూరు వాతావరణంలో ఏళ్లపాటు నిలుస్తుంది. చెన్నై ఉక్కలో, లేదా వానాకాలం నీళ్లు డిక్కీలోకి చేరే పాత కారులో అంచులు ఉబ్బి జాయింట్లు వదులవుతాయి. అక్కడ వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ మేలు.

## సిగ్నల్ దగ్గర కరెంటు

500 వాట్ల క్లాస్ డి యాంప్ పూర్తి పవర్ ఇస్తున్న క్షణంలో 13.8 వోల్టుల దగ్గర సుమారు 45 ఆంపియర్లు లాగుతుంది. పాటలో బేస్ నిలకడగా ఉండదు కాబట్టి సగటు అందులో మూడో వంతు కూడా కాకపోవచ్చు. చిన్న పెట్రోల్ కార్ల ఆల్టర్నేటర్లు మామూలుగా 100 ఆంపియర్ల లోపువే. ఆ అంకె కూడా ఇంజిన్ వేగంగా తిరిగేటప్పటిది. ఐడిలింగ్‌లో దక్కేది అందులో కొంతే, దాంట్లోనే ఏసీ బ్లోవర్, రేడియేటర్ ఫ్యాన్, హెడ్‌లైట్లు పంచుకోవాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటలో పావు వంతు కూడా ఇంజిన్ తీరుగా తిరగని సాయంత్రాల్లో లోటు బ్యాటరీ నుంచి పోతుంది. బీటు పడినప్పుడల్లా హెడ్‌లైటు వెలుగు తగ్గి పెరగడం దాని గుర్తు.

రెగ్యులేటెడ్ కాని (లోపల వోల్టేజీని స్థిరంగా ఉంచుకోలేని) యాంప్‌లో వోల్టేజీ 14.4 నుంచి 12కి పడితే పవర్ దాదాపు 30 శాతం తగ్గుతుంది. ఐడిల్ స్టార్ట్-స్టాప్ ఉన్న కార్లలో ఇంజిన్ ఆగగానే భారం మొత్తం బ్యాటరీదే. ఎలక్ట్రిక్ కార్లలో ఈ చిక్కు వేరు. వాటిలో ఆల్టర్నేటర్ ఉండదు, పెద్ద బ్యాటరీ నుంచి డీసీ కన్వర్టర్ ద్వారా 12 వోల్టులు వస్తాయి. ట్రాఫిక్‌లో ఆగినా, పరుగెత్తినా సరఫరా ఒకేలా ఉంటుంది. రేంజ్ తగ్గుతుందన్న టెన్షన్ అక్కర్లేదు. సగటున 100 వాట్లు వాడినా గంటకి పోయేది కిలోమీటరు దూరానికి సరిపడే చార్జి కూడా కాదు. కన్వర్టర్ సామర్థ్యానికి మాత్రం పరిమితి ఉంటుంది, దాన్ని మించి లాగే యాంప్ పెట్టకూడదు.

వైరు మీద మిగిల్చే డబ్బు ఎక్కువగా నష్టమే తెస్తుంది. బ్యాటరీ నుంచి డిక్కీకి సుమారు ఐదు మీటర్లు. 8 గేజ్ (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు) అసలు రాగి వైరులో 45 ఆంపియర్లు పారితే దారిలోనే దాదాపు అర వోల్టు పోతుంది. రాగి పూత పూసిన అల్యూమినియం వైరైతే 0.7 వోల్టు దాకా. 4 గేజ్ రాగిలో 0.2 లోపే. షాపులో కిట్‌తో వచ్చే వైరు పైకి లావుగా కనిపించినా ప్లాస్టిక్ తొడుగు ఎక్కువ, లోపల లోహం తక్కువ ఉన్న సందర్భాలు మామూలే. తీగ కొన గీకితే వెండి రంగు బయటపడేది అల్యూమినియం.

మెయిన్ ఫ్యూజు బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపు ఉండాలి. అది యాంప్ కోసం కాదు, వైరు కోసం. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు గోడ) రంధ్రం దగ్గర రబ్బరు గ్రామెట్ లేకుండా లాగిన వైరు తొడుగు కోసుకుపోయి బాడీకి తగిలితే, ఫ్యూజు లేని చోట మంట తప్పదు. బిగించాక కారు వదిలి వెళ్లేముందు ఈ రెండూ కళ్లతో చూసుకోవడం మంచిది.

## ఫ్యాక్టరీ స్క్రీన్‌తో పేచీ

పదేళ్ల కిందట స్టీరియో మార్చేసి ఆర్‌సీఏ (యాంప్ కోసం విడిగా ఇచ్చే లైన్) సిగ్నల్ తీసుకోవడమే పద్ధతి. ఇప్పుడు స్క్రీన్‌లోనే ఏసీ కంట్రోళ్లు, కెమెరా, కనెక్టెడ్ యాప్ ఉంటున్నాయి, దాన్ని పీకడం కష్టం. అందుకే స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ తీసుకునే హై-లెవెల్ ఇన్‌పుట్ ఉన్న యాంపులకి గిరాకీ పెరిగింది. లేకపోతే మధ్యలో, స్పీకర్ సిగ్నల్‌ని యాంప్‌కి తగినట్టు తగ్గించే లైన్ అవుట్‌పుట్ కన్వర్టర్ పెడతారు.

ఇక్కడ తెలియక మోసపోయే విషయం ఒకటి ఉంది. చాలా ఫ్యాక్టరీ యూనిట్లు చిన్న డోర్ స్పీకర్లని కాపాడటానికి, వాల్యూమ్ పెరిగేకొద్దీ బేస్‌ని వాటంతట అవే కోసేస్తాయి. సబ్‌వూఫర్‌కి కూడా ఆ కోసిన సిగ్నలే అందుతుంది. తక్కువ వాల్యూమ్‌లో బేస్ బాగుండి, పెంచగానే మొహం చాటేస్తే వూఫర్‌ని తిట్టి లాభం లేదు. ఆ కోతని సరిదిద్దే ప్రాసెసర్ కావాలి. కంపెనీ నుంచే బ్రాండెడ్ సిస్టమ్, విడి యాంప్ వచ్చిన కార్లలో ఒక్కో స్పీకర్‌కి ఒక్కో రకం సిగ్నల్ పోతుంది. అక్కడ ఏ వైరు పట్టుకోవాలో తెలిసిన ఇన్‌స్టాలర్ చేతే చేయించాలి.

వారంటీ పోతుందా అన్న ప్రశ్నకి సమాధానం ఎక్కువగా వైరు కోశారా లేదా అన్నదాంట్లో ఉంది. కారు మోడల్‌కి తగిన కప్లర్లతో కలిపితే తర్వాత తీసేసి యథాస్థితికి తేవచ్చు. కోసి టేపు చుట్టిన చోట రేపు ఏ ఎలక్ట్రికల్ సమస్య వచ్చినా సర్వీస్ సెంటర్ వేలు అటే చూపుతుంది.

## సెట్టింగులు: ఎక్కువ తేడా ఇక్కడే

యాంప్ మీది గెయిన్ నాబ్‌ని వాల్యూమ్ అనుకోవడం అన్నిటికన్నా సాధారణమైన పొరపాటు. హెడ్ యూనిట్ (కారు స్టీరియో) పంపే సిగ్నల్‌కి యాంప్‌ని సరిపెట్టడమే దాని పని. అతిగా తిప్పితే యాంప్ తన హద్దు దాటి అల తలని చదునుగా కోసేస్తుంది. కోసిన అలలో సగటు పవర్ ఎక్కువ, కాయిల్ వేడెక్కుతుంది. కాలిపోయిన వూఫర్లలో చాలావాటి కథ ఇదే. చిన్న యాంప్‌ని గట్టిగా పిండినా కాయిల్ కాలుతుందని చాలామందికి తెలియదు.

మల్టీమీటర్ ఉంటే లెక్కతో చేయవచ్చు. ఈక్వలైజర్, బేస్ బూస్ట్ అన్నీ సున్నాలో పెట్టి, వూఫర్ వైరు విడదీసి, హెడ్ యూనిట్ వాల్యూమ్‌ని ముప్పావు వంతులో ఉంచి 50 హెర్ట్జ్ టోన్ పెట్టాలి. యాంప్ అవుట్‌పుట్ దగ్గర చూడవలసిన వోల్టేజీ, పవర్‌ని ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే వస్తుంది. 300 వాట్లు, 4 ఓమ్‌లకి 34.6 వోల్టులు. అదే 300 వాట్లు 2 ఓమ్‌లకైతే 24.5. ఆ అంకె రాగానే నాబ్ వదిలేయాలి. బేస్ బూస్ట్ నాబ్ జోలికి మళ్లీ వెళ్లకపోవడమే మేలు. అది 45 హెర్ట్జ్ చుట్టూ ఏకంగా 12 డెసిబెల్స్ పెంచితే, అక్కడ యాంప్ నుంచి అడిగేది పదహారింతల పవర్.

లో పాస్ ఫిల్టర్‌ని (వూఫర్‌కి కింది స్వరాలే పంపేది) 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టడం ఆనవాయితీ. పైకి జరిపేకొద్దీ గొంతుల్లో బొంగురు చేరి, బేస్ వెనక నుంచి వస్తున్నట్టు చెవి పట్టేస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది, చాలామంది వదిలేసేది డోర్ స్పీకర్ల హై పాస్ (వాటికి కింది స్వరాలు పోకుండా ఆపేది). వాటిని కూడా 80 దగ్గర కోస్తే లోతైన బేస్ భారం తప్పి, గొంతు తేటపడుతుంది, ఇంకాస్త గట్టిగా పాడగలవు. సబ్‌వూఫర్ పెట్టాక పాట మొత్తం బాగుపడిందని చెప్పేవాళ్ల విషయంలో సగం ఘనత ఈ ఫిల్టర్‌దే.

ఫేజ్ స్విచ్ (వూఫర్ అలని తిరగేసేది) సంగతి అంకెల్లో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. డ్రైవర్‌కి కుడి డోర్ స్పీకర్ మీటరు దూరంలో ఉంటే, డిక్కీ వూఫర్ రెండు మీటర్లలో ఉంటుంది. ఆ ఒక్క మీటరుకి ఆలస్యం దాదాపు 3 మిల్లీసెకన్లు. 80 హెర్ట్జ్ అల పొడవు 4.3 మీటర్లు, కాబట్టి రెండు శబ్దాల మధ్య పావు అల తేడా వస్తుంది. కొన్ని కార్లలో ఇది ఇంకా పెరిగి, క్రాసోవర్ (రెండూ పాట పంచుకునే ఫ్రీక్వెన్సీ) దగ్గర డోర్లూ వూఫరూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. డ్రైవర్ సీట్లో కూర్చుని, ఇంకొకరి చేత 0, 180 మధ్య మార్పిస్తూ వినాలి. ఏ స్థితిలో బేస్ నిండుగా, ముందు నుంచి వస్తున్నట్టు ఉందో అదే సరైనది. హెడ్ యూనిట్‌లో టైమ్ అలైన్‌మెంట్ ఉంటే దగ్గరి స్పీకర్లని ఆ 3 మిల్లీసెకన్లు ఆపి ఇంకా కచ్చితంగా కలపవచ్చు. పోర్టెడ్ బాక్స్‌కి సబ్‌సోనిక్ ఫిల్టర్ ట్యూనింగ్ కన్నా కొన్ని హెర్ట్జ్ కింద పెట్టాలి.

ఇంజిన్ రేస్ చేసినప్పుడు స్పీకర్లలో "కుయ్" మని సన్నటి రొద పెరిగితే అది ఎర్త్ సమస్య. యాంప్ ఎర్త్ వైరు పెయింట్ గీకిన బాడీ లోహానికి, వీలైనంత పొట్టిగా తగలాలి. సీటు బెల్టు బోల్టుకి తగిలించే అలవాటు భద్రత దృష్ట్యా కూడా తప్పు.

## మీటరుకి అందని గోల

శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ హద్దు. శబ్ద ప్రమాణాలు మీరే వాహనం నడిపితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద మొదటి తప్పుకే మూడు నెలల దాకా జైలు, లేదా పది వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడే వీలుంది. అయితే ఈ కొలతలన్నీ ఏ-వెయిటింగ్‌తో చేసేవి. మన చెవి మొద్దుతనాన్ని అనుకరిస్తూ ఆ పద్ధతి 40 హెర్ట్జ్ శబ్దంలో దాదాపు 35 డెసిబెల్స్ తీసేస్తుంది. అంటే నిజంగా 80 డెసిబెల్స్ ఉన్న బేస్ మీటరు మీద 45గా కనిపిస్తుంది. కాగితం మీద రాత్రి హద్దు లోపలే. పై అంతస్తులో పడుకున్నవాళ్లకి మాత్రం కిటికీ అద్దం అదురుతూనే ఉంటుంది, ఎందుకంటే కాంక్రీటు గోడలు పై స్వరాల్ని ఆపినంతగా కింది స్వరాల్ని ఆపలేవు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ గ్రూపుల్లో తెగని తగవులకి ఇదో కారణం. ఇద్దరూ తమ లెక్కన నిజమే చెబుతుంటారు.

ఆ అదురు కారులో కూడా తగ్గించాలంటే డిక్కీ మూత, నంబరు ప్లేటు, పార్సిల్ ట్రేల మీద మొదట దృష్టి పెట్టాలి. నంబరు ప్లేటు వెనక ఫోమ్ టేపు, రేకుల మీద బ్యూటైల్ డ్యాంపింగ్ షీట్లు చాలు. కారు మొత్తం కప్పించమని చెప్పే ప్యాకేజీలు తర్వాత ఆలోచించవచ్చు.

## ఎవరికి ఏది

సిటీలో ఆఫీసుకి, ఏడాదికి నాలుగైదుసార్లు ఊరికి వెళ్లే హ్యాచ్‌బ్యాక్ కుటుంబానికి సీటు కింద యాక్టివ్ సబ్‌వూఫర్, లేదా డిక్కీ మూలలో పది ఇంచుల సీల్డ్ బాక్స్ సరిపోతుంది. రెండోదానికి 250, 300 నిజమైన వాట్లు చాలు. అంతకు మించి ఖర్చు పెట్టే ఓపిక ఉంటే, వూఫర్ పెంచడం కన్నా ముందు డోర్ స్పీకర్లు, వాటి డ్యాంపింగ్ మీద పెట్టడం మేలు. సీఎన్‌జీ సిలిండర్ డిక్కీని ఆక్రమించిన కారుకి సీటు కింది రకం తప్ప దారి తక్కువ. సెడాన్ వాళ్లు మొదట వెనక సీటు గోడ సంగతి తేల్చుకుని తర్వాత సైజు ఆలోచించాలి. లోతైన బేస్‌తో పాటు హైవే మీద కూడా దడ కావాలనుకునే ఎస్‌యూవీ యజమానికి పన్నెండు ఇంచుల పోర్టెడ్ బాక్స్ న్యాయమైన ఎంపికే, డిక్కీలో మూడో వంతు వదులుకోవడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే.

షాపు డెమో బోర్డు మీద విని నిర్ణయించడం మాత్రం ఏ కారుకీ పనికిరాదు, అక్కడ క్యాబిన్ ఉండదు కాబట్టి. ఇన్‌స్టాలర్ బిగించిన అదే మోడల్ కారు ఒకటి వినిపించమని అడగవచ్చు. డెలివరీ తీసుకునేటప్పుడు గెయిన్ ఎంత వోల్టేజీకి పెట్టారో, ఫిల్టర్లు ఎక్కడ ఉన్నాయో బిల్లు వెనక రాయించుకుంటే, తర్వాత ఎవరైనా నాబులు కదిపినా తిరిగి అక్కడికి తెచ్చుకోవచ్చు.